మంచం కోడు, నలభై వేల లేతు

మా నాన్నమ్మ మంచానికి ఒక కోడు విరిగింది. ఈ కథంతా అక్కడ మొదలైంది.

(ఆఫీసులో ఈ మాట అంటే పక్క సీటు కుర్రాడు "మంచం కింద కోళ్ళు పెంచుతారా మీ ఊళ్ళో?" అని అడిగాడు. హైదరాబాదులో పుట్టి హైదరాబాదులోనే పెరిగినవాడు, పాపం. కోడు అంటే మంచం కాలు బాబూ. బహువచనంలోకి వచ్చేసరికి మాత్రం దానికీ కోడికీ తేడా ఉండదు, ఒప్పుకుంటాను.)

అది నవారు పట్టెమంచం. నాన్నమ్మ కాపురానికి వచ్చినప్పుడు పుట్టింటి వాళ్ళు ఇచ్చింది. నాలుగు కోళ్ళూ టేకువి, తరిమెన పట్టినవి, అంటే లేతు మీద తిప్పి గుండ్రంగా, కడియాలూ గాడులూ పెట్టి చెక్కినవి. వాటిల్లో ఒకదానికి కింద నుంచి చెద పట్టింది. ఎవరూ చూసుకోలేదు. మొన్న సంక్రాంతికి నేను ఆ మంచం మీద కూచుని టీ తాగుతుంటే పటుక్కుమంది. విరగ్గొట్టిన పాపం నా ఖాతాలోనే పడింది.

మా నాన్న దాని కింద మూడు ఇటుకలు పేర్చాడు. వారంలో ఇనప మంచం, దాని మీదకి ఫోము పరుపు కొనుక్కొచ్చాడు. ఒక్క రాత్రి పడుకుని "వొళ్ళంతా ఉడికిపోతంది, నాకొద్దు" అని మళ్ళీ ఇటుకల మంచం ఎక్కేసింది. ఎనభై మూడేళ్ళ మనిషి, రాత్రి రెండు మూడు సార్లు లేస్తుంది. ఏదో ఒక రాత్రి ఆ ఇటుక జారితే ఏమవుతుందో మా ఇంట్లో అందరికీ తెలుసు. ఆ వయసులో తుంటి విరిగిన వాళ్ళని చూశాం. ఊళ్ళో వడ్రంగిని పిలిస్తే "పలకల కోడు చెక్కేస్తాను, ఈ గుండ్రాలు తిప్పేవోళ్ళు ఇప్పుడెవరున్నారు" అన్నాడు. నాన్నమ్మ దానికీ ఒప్పుకోలేదు. "మూడు గుండ్రవీ, ఒకటి పలకా? నవ్విపోతారు" అంది. రోజూ మంచం కిందకి వంగి చూసేవాళ్ళు ఎవరో నాకైతే తెలీదు.

నేను హైదరాబాదు తిరిగొచ్చి మా ఆవిడతో "నేనే చేస్తా. లేతు కొంటా" అన్నాను. ఆవిడ చాలా న్యాయమైన ప్రశ్న వేసింది: "ఆ ఒక్క కోడు ఎవరిచేతైనా చేయిస్తే ఎంతవుతుంది?"

ఎంతో అవదు. అది ఆవిడకీ తెలుసు, నాకూ తెలుసు. మనలో మన మాట, నాకు మూడేళ్ళుగా లేతు మీద కన్నుంది. రాత్రి పన్నెండు దాటాక చెక్క గిన్నెలు తిప్పే వీడియోలు చూస్తూ పడుకోవడం అలవాటు. కోడు వంక మాత్రమే. కాకపోతే మంచి వంక.

మా ఇంట్లో గోడకి ఒక గిటారు ఉంది, మూడు తీగలు లేవు. బీరువాలో కెమెరా ఉంది, చివరి ఫొటో మా పెళ్ళైన కొత్తలోది. బాల్కనీలో ఇరవై రెండు వేల సైకిలుంది, దాని మీద తువ్వాళ్ళు బాగా ఆరతాయి. అందుకని ఆవిడ మూడు షరతులు పెట్టింది. ఒకటి, నలభై వేలు, అదీ లేతుకి కాదు, మొత్తానికి. రెండు, సైకిలు అమ్మేసి ఆ జాగాలోనే పెట్టుకోవాలి. మూడు, దసరాకి నాన్నమ్మ మంచం కింద ఇటుకలు ఉండకూడదు, ఉంటే ఇహ ఈ జన్మలో కొత్త హాబీ మాట ఎత్తకూడదు. సంతకం ఒక్కటే తక్కువ. బడ్జెట్టు, స్కోపు, డెడ్‌లైను మూడూ ఫిక్సు చేసిన క్లయింటుని మొదటిసారి ఇంట్లో చూశాను.

"లేతుకి కాదు, మొత్తానికి" అన్న మాట విలువ నాకు తర్వాత తెలిసింది.

మొదట చేసిన పని అందరూ చేసేదే. అర్ధరాత్రి ఆన్‌లైన్‌లో వెతకడం. 6,800 రూపాయలకి ఒక బుల్లి లేతు కనిపించింది. 775 మోటారు, ఒక అడాప్టరు, అల్యూమినియం పట్టాల మీద ముందో ముక్కా వెనకో ముక్కా. కార్టులో వేసేశా. కొనేసేవాణ్ణే, ఫొటోల్లో ఒకదాంట్లో మిషను పక్కన ఒక మనిషి చెయ్యి పడింది. మొత్తం లేతు ఆయన మోచేతి నుంచి వేళ్ళ దాకా ఉందంతే. పూసలకీ ఉంగరాలకీ మహా అయితే చిన్న బొంగరానికీ పనికొస్తుంది. మూడున్నర అంగుళాల టేకు దుంగని దానికి బిగించి ఉలి ఆనిస్తే మోటారు అక్కడికక్కడే ఆగిపోతుంది. పూసలే చెయ్యాలనుకునే వాళ్ళకి అది చెడ్డ బేరమేం కాదు.

తర్వాత సికింద్రాబాదు రాణీగంజ్. లేతు అంటే అక్కడ ఎవడికైనా ఇనప లేతే. "కర్రకి" అంటే నాలుగు షాపుల్లో నా వంక జాలిగా చూశారు, ఐదో షాపాయన "ఉంది, గోడౌన్లో" అని చైనా తయారీ మినీ లేతుల కేటలాగు తీశాడు. కేటలాగు నిండా అంకెలు. 8 బై 12, 10 బై 18, 12 బై 18. స్వింగు, సెంటర్ల మధ్య దూరం, ఎంటీ2, టీపీఐ. ఎంత చదివినా తలకెక్కలేదు. అంకెలన్నీ అర్థమవుతున్నాయి, వాటిల్లో నాకు ఏది కావాలో అర్థం కావట్లేదు. ఫోను కొనేటప్పుడు ర్యామూ మెగాపిక్సెళ్ళూ పోల్చుకుంటామే, ఆ రోగమే.

ఆ శనివారం ఊరికెళ్ళినవాణ్ణి ఏటికొప్పాక వెళ్ళాను. మాకు దగ్గరే. వరాహ నది ఒడ్డున ఉంటుంది, 2022 నుంచి అనకాపల్లి జిల్లా. అక్కడి లక్కబొమ్మలు మీలో చాలామంది ఇళ్ళల్లో అద్దాల బీరువాలో ఉండే ఉంటాయి. 2017లో జీఐ గుర్తింపు వచ్చింది. సహజ రంగుల మీద పనిచేసిన సి.వి.రాజు గారికి 2023లో పద్మశ్రీ ఇచ్చారు. 2025 రిపబ్లిక్ డే పెరేడ్‌లో మన రాష్ట్రం శకటం కూడా ఆ బొమ్మలదే. ఇంత పేరున్న ఊరు మా పక్కన పెట్టుకుని నేను లేతు గురించి అమెరికా వాళ్ళ వీడియోలు చూస్తూ కూర్చున్నాను, అదీ సంగతి.

అక్కడ ఒక పెద్దాయన పని చేసుకుంటుంటే పక్కన కూచున్నాను. ఆయన మిషను చూసి ఆశ్చర్యపోయా. ఒక చిన్న మోటారు, ఒక బెల్టు, రెండు బేరింగుల మీద ఒక షాఫ్టు. షాఫ్టు చివర గిన్నెలాంటి ఇనప గొట్టం. అంకుడు కర్ర ముక్కని కొస కాస్త సన్నం చేసి ఆ గొట్టంలో పెట్టి సుత్తితో రెండు దెబ్బలు వేస్తే బిగుసుకుపోయింది. (కేటలాగులో ఆ పని చేసే చక్కుకి ఏడెనిమిది వేలు రాసి ఉంది.) ఉలులు పాత లారీ స్ప్రింగు పట్టీలతో కమ్మరి చేత చేయించుకున్నవట. కర్ర తిరుగుతుండగానే లక్క కడ్డీ ఆనిస్తే ఆ రాపిడి వేడికే లక్క కరిగి రంగు పట్టేస్తుంది, దాని మీద ఎండు మొగలాకు అదిమి పడితే అద్దంలా మెరుస్తుంది. రెండు నిమిషాల్లో కుంకుమ భరిణె మూత తయారు.

"లేతు కొందామనుకుంటున్నానండీ, ఎలాంటిది కొనమంటారు?" అనడిగా.

"ఏటి చేత్తావు బాబూ దాంతోటి?"

నేను ఎంటీ2, స్వింగు అని మొదలెట్టాను. ఆయన ఆపాడు. "మిషను గురించి సెప్తన్నావు గానీ, ఏటి చేత్తావో సెప్పట్లేదు."

అప్పుడు మంచం సంగతి చెప్పి ఫోన్లో ఫొటో చూపించాను. కోడు మొత్తం పొడవు 21 అంగుళాలు. పైన పట్టెలు దూరే పలకల భాగం, దాని కింద తిప్పిన భాగం. నా బడ్జెట్టులో దొరికే లేతులు మహా అయితే 18 అంగుళాలవి. పెద్దది కొంటే ముప్పై ఎనిమిది వేలు దానికే పోతాయి. వారం నుంచి నన్ను తినేస్తున్న లెక్క అదే. ఆయన ఫొటోని వేళ్ళతో పెద్దది చేసి చూసి, "రెండు ముక్కలుగా తిప్పుకో. అతుకు కడియం కింద పెట్టు, ఎవుడికీ కనపడదు" అన్నాడు. పై ముక్కకి కింద బెజ్జం, కింది ముక్కకి పైన బొడిపె. బరువు నిలువుగా కిందకే దిగుతుంది కాబట్టి భుజాలు సరిగ్గా ఆనుకుంటే చాలు, అతుకు మీద పెద్ద భారం పడదు. పొడవాటివి తిప్పేవాళ్ళు అన్నిచోట్లా చేసేది ఇదేనని తర్వాత తెలిసింది. ఆ ఒక్క మాటతో నాకు పన్నెండు వేలు మిగిలాయి.

లేచేటప్పుడు ఇంకో మాట కూడా అన్నాడు. "మోటారుదేముంది, తిరుగుద్ది. ఉలి సాన పట్టడం నేర్చుకో ముందు."

ఆయన మిషను లాంటిదే బాలానగర్‌లో చేయించుకోవచ్చు కదా అని మీకు అనిపించొచ్చు. నాకూ అనిపించింది. ఒక ఫ్యాబ్రికేషను షాపులో అడిగితే మోటారుతో కలిపి పధ్నాలుగు వేలన్నారు. కానీ ఆయనకి ముప్పై ఏళ్ళ చెయ్యి ఉంది. తెరిచున్న బెల్టు పక్కన లుంగీ కట్టుకుని కూచుని ఆయన చెయ్యగలడు. నేను అదే మిషను ముందు కూచుంటే నెల తిరక్కుండా వేలు పోతుంది. రెండు కొసలూ ఒకే గీత మీద ఉండేలా అమర్చుకోవడం, షాఫ్టు ఊగితే సరిచేసుకోవడం, ఇవేవీ నాకు రావు. నేర్చుకునేవాడికి తప్పు తనదో మిషనుదో తెలియకపోతే నేర్చుకోవడం ఆగిపోతుంది. కొత్త లాంగ్వేజీ నేర్చుకుంటూ, బగ్గులున్న కంపైలరు పెట్టుకోవడం లాంటిది అది.

సెకండ్ హ్యాండు కోసం కూడా రెండు నెలలు చూశా. దొరికినవన్నీ ఫౌండ్రీల్లో నమూనాలు తిప్పే పాత పోత ఇనుము లేతులు. బంగారం లాంటివి. కానీ మూడొందల కిలోల పైమాట, త్రీ ఫేజు మోటారు. మాది నాలుగో అంతస్తు, సింగిల్ ఫేజు. వదిలేశా.

ఏం చెయ్యాలో తెలిశాక కేటలాగు అంకెలు వాటంతటవే మాట్లాడ్డం మొదలెట్టాయి. స్వింగు అంటే ఎంత వెడల్పు ముక్క తిరుగుతుందో ఆ కొలత. 10 అంగుళాలంటే నడిమి నుంచి బెడ్డు దాకా 5 అంగుళాలని. (ఇనప లేతుల కేటలాగుల్లో తరచు ఈ సగం కొలతే రాస్తారు, కంగారు పడకండి.) నాకు మూడున్నర చాలు, ఎప్పటికైనా గిన్నెలు చెయ్యాలని ఆశ కాబట్టి 10. మోటారు అర హార్స్ పవరు, అంటే 370 వాట్లు. ఇంట్లో మిక్సీ కన్నా తక్కువే, మామూలు ప్లగ్గు చాలు, ఎర్తింగు మాత్రం చూపించుకోవాలి. బయట దేశాల కోసం చేసిన 110 వోల్టుల సరుకు అంటగడతారేమో, మోటారు మీద ప్లేటు చదవండి.

అన్నిటికన్నా ఎవరూ చూడని అంకె ఒకటుంది. అతి తక్కువ వేగం. పెట్టె మీద "3200 ఆర్పీఎం" అని పెద్ద అక్షరాలతో రాస్తారు, మనవాళ్ళు అదేదో గొప్ప అనుకుంటారు. టర్నర్లు వాడే మోటు లెక్క ఒకటుంది: ముక్క వ్యాసం అంగుళాల్లో, దాన్ని ఆర్పీఎంతో గుణిస్తే 6000కీ 9000కీ మధ్య ఉండాలి. అంటే 8 అంగుళాల గిన్నెకి 750 నుంచి 1100 వరకు. అదే గిన్నె 3200 మీద తిరిగితే దాని అంచు వేగం గంటకి 120 కిలోమీటర్లు దాటుతుంది. ఔటర్ రింగు రోడ్డు మీద వెళ్ళే కారులోంచి ఎవరో చెక్క గిన్నె మీ మొహాన విసిరినట్టు. నా చదరపు దుంగ మూడున్నర అంగుళాలే అయినా మూల నుంచి మూలకి దాదాపు ఐదు అంగుళాలు. మూలలు కొట్టేసి గుండ్రంగా చేసేదాకా 750, 1100 మించకూడదు. అందుకే ఎక్కువ వేగం ఎంతని కాదు, తక్కువ వేగం ఎంతని అడగండి. 500 అంటే సంతోషం. నా దాంట్లో 750. బెల్టు ఐదు పుల్లీల మీద మార్చుకోవాలి. డయలు తిప్పి వేగం మార్చేది ఇంకో తొమ్మిది వేలు ఎక్కువ, మనసు చంపుకున్నా.

ఇహ స్పిండిలు మరలు. ఇది మనవాళ్ళకి వెంటనే అర్థమయ్యే విషయం. స్పిండిలు మర అంటే యూఎస్‌బీ పోర్టు లాంటిది. ఒక అంగుళం 8 టీపీఐ గానీ ఎం33 గానీ అయితే రేపు చక్కు, ఫేసుప్లేటు ఏది కావాలన్నా బయట దొరుకుతుంది. ఏదో వింత కొలత అయితే ఆ కంపెనీ వాడి దయ. లోపలి గుంత ఎంటీ2 అయితే సెంటర్లు కూడా అంతే. షాపాయన ఇంకో మోడల్లో రెండు వేలు తగ్గిస్తానన్నాడు, మర ఎంత అంటే ఆయనకే తెలీలేదు. నమస్కారం పెట్టేశా.

గోడౌన్లో పెట్టె విప్పించి చూశాను. ఇది మొహమాటపడే చోటు కాదు. ముందు స్పిండిల్లో పళ్ళున్న సెంటరు, వెనక టెయిల్‌స్టాకులో తిరిగే సెంటరు పెట్టించి, రెండిటినీ దగ్గరికి జరిపించా. మొనలు రెండూ ఒకదాన్నొకటి ముద్దు పెట్టుకోవాలి. మొదటి పెట్టెలో రెండు మిల్లీమీటర్లు పక్కకి ఉన్నాయి. రెండో పెట్టె విప్పమంటే షాపు కుర్రాడు నన్ను తిట్టుకున్నాడు, లోపల్లోపలే. రెండోది సరిపోయింది. స్పిండిలు పట్టుకుని ఊపి చూశా, కదల్లేదు. కరెంటు పెట్టి రెండు నిమిషాలు వట్టిగా తిప్పించి చప్పుడు విన్నా. 18 అని రాసినది సెంటర్లు పెట్టి టేపుతో కొలిస్తే 16 పైచిలుకు వచ్చింది. ఇక్కడ కూడా మనకి మార్కెటింగు వాళ్ళు ఎదురవుతారన్నమాట.

ఖర్చు చెప్తాను, ఎందుకంటే ఎవరూ పూర్తి లెక్క చెప్పరు. లేతు జీఎస్టీ కలిపి 26,500. ఎనిమిది ఉలుల సెట్టు, హెచ్ఎస్ఎస్‌వి, 5,200. ఆరంగుళాల బెంచి గ్రైండరు 2,600. దానికి తెల్ల అల్యూమినియం ఆక్సైడు రాయి 900. మొహానికి షీల్డు 450. బల్ల కోసం కలప, ప్లైవుడ్డు, బోల్టులు 3,000. ఆటో ట్రాలీ, నాలుగో అంతస్తుకి మోసిన ఇద్దరికి కూలీ 1,200. మొత్తం 39,850. మిగిలిన నూటయాభైతో ఆ సాయంత్రం మేమిద్దరం టీ, సమోసాలు.

చక్కు లేదు చూడండి. కావాలనే కొనలేదు. కోడు, కవ్వం, అప్పడాల కర్ర, ఇలాంటివన్నీ రెండు సెంటర్ల మధ్య బిగించి తిప్పేవే. చక్కు గిన్నెలకీ డబ్బాలకీ. నలభై వేలున్నాయి కదా అని ముప్పై ఐదుకి లేతు కొని, ఉలులు తర్వాత చూద్దాం అనుకున్నవాళ్ళ లేతులే "కొత్తదానిలా ఉంది, రెండుసార్లే వాడాను" అని అమ్మకానికి వస్తుంటాయి. నేను రెండు చూశాను అలాంటివి. ఒకదానికి అప్పటికే ఎవరో అడ్వాన్సు ఇచ్చేశారు, లేకపోతే నాదయ్యేది.

ఉలుల్లో కార్బైడు ముక్క బిగించేవి వస్తాయి, సాన అక్కర్లేదు, మొద్దుబారితే ముక్క తిప్పుకోవడమే. సుఖమే. కానీ పెద్దాయన మాట చెవిలో ఉండిపోయింది. మొదటి నెలంతా నేను చేసింది సాన పట్టడమే. అరిగిన ఉక్కు అంతా ఇంతా కాదు. మామూలు కార్బన్ ఉక్కు ఉలి గ్రైండరు మీద నీలంగా మాడితే పదును పోయినట్టే, హెచ్ఎస్ఎస్ ఆ మాత్రం వేడికి ఓర్చుకుంటుంది. నాలాంటి వాడికి అదొక్కటే రక్ష. ఉలి మొద్దుగా ఉంటే కర్ర పిండిలా రాలుతుంది. పదునుంటే రిబ్బను చుట్టలు చుట్టలుగా వచ్చి మోచేతి మీద పడుతుంది. మొదటిసారి ఆ రిబ్బను వచ్చినప్పుడు మా ఆవిడని కేకేసి పిలిచాను. ప్రొడక్షనులో మొదటి రిలీజుకి కూడా అంత హడావిడి చెయ్యలేదు.

ఉలుల సెట్టులో పెద్ద గాడి ఉలి ఒకటుంటుంది, దుంగని గుండ్రం చేసేది. దాని పిడిలోకి దూరే తోక సన్నం. దాన్ని గిన్నె లోపల పెట్టారంటే పుటుక్కున విరిగి చేతిమీదకొస్తుంది. గిన్నెలకి వేరే గౌజు ఉంది. ఇది ఎవరో ఒకరు చెప్పాలి, పెట్టె మీద రాసి ఉండదు.

ప్రాక్టీసుకి జామాయిల్ బాదులు ముక్కలు కోయించి తెచ్చుకున్నా. మొదటి వస్తువు బొంగరం. మేకు నడిమిలో పడలేదు, వాచ్‌మన్ కొడుక్కిస్తే "అంకుల్, ఇది తాగినట్టు తిరుగుతోంది" అని తెచ్చిచ్చేశాడు. రెండోది తిరిగింది. కింద అంతస్తు ఆంటీకి అప్పడాల కర్ర ఒకటి చేసిచ్చాక శనివారం పది నుంచి ఒంటిగంట దాకా చప్పుడు చేసుకోవడానికి అనుమతి దొరికింది. బల్ల కాళ్ళ కింద రబ్బరు మ్యాటు ముక్కలు, బల్ల అడుగున రెండు ఇసుక బస్తాలు. వీటితో అదురు సగానికి తగ్గింది.

మూడో నెలలో జరిగింది చెప్పాలి. చెప్పకూడదనుకున్నాను గానీ, ఇది రాయకుండా మిగతాదంతా రాయడం మోసం.

ముందు రోజు సన్నని ముక్క తిప్పి బెల్టు 2200 పుల్లీ మీద వదిలేశాను. తెల్లారి మూడంగుళాల తుమ్మ దుంగ, చదరంగా ఉన్నది, పక్కన సన్నటి పగులు కూడా ఉంది, చూశాను, పర్లేదులే అనుకున్నాను. షీల్డు ఊపిరికి మసకబారుతోందని నెత్తి మీదకి ఎత్తేశాను. స్విచ్చి వేశాను. మహా అయితే మూడు సెకన్లు. లేతు మొత్తం ఒకసారి ఊగింది, సెంటరు దగ్గర కర్ర నలిగి వదులైంది, దుంగ లేచి నా ఎడమ చెవి పక్క నుంచి వెళ్ళి గోడకి తగిలి, బాల్కనీ గ్రిల్లుకి తగిలి కింద పడింది. గోడలో నాలుగు వేళ్ళు పట్టేంత గుంట.

మా ఆవిడ పరిగెత్తుకొచ్చింది. గోడ చూసింది, నా నెత్తి మీద షీల్డు చూసింది. ఏమీ అనలేదు. అరిచినా బాగుండేది. ఆ సాయంత్రం దాకా మాట్లాడలేదు. మర్నాడు చూస్తే లేతు స్విచ్చి మీద ఒక మేకు కొట్టి దానికి షీల్డు తగిలించి ఉంది. షీల్డు తియ్యకుండా స్విచ్చి కనపడదు. పదేళ్ళుగా సాఫ్టువేరులో ఉన్న మా మేనేజరు కూడా అంత చక్కటి వాలిడేషను రాయలేదు. ఇప్పటికీ అది అక్కడే ఉంది. పుల్లీ ఏ గాడిలో ఉందో చూడటం, దుంగని చేత్తో ఒక చుట్టు తిప్పి ఏదీ తగలట్లేదని చూడటం, టెయిల్‌స్టాకు ఇంకోసారి బిగించడం, స్విచ్చి వేసేటప్పుడు దుంగకి ఎదురుగా కాకుండా పక్కన నిలబడటం, ఇవన్నీ అప్పటి నుంచి. 450 రూపాయల షీల్డు నెత్తి మీద ఉంటే 26,500 రూపాయల లేతు ఎంత మంచిదైనా ఒకటే.

ఆ తర్వాత రెండు వారాలు లేతు ముట్టుకోలేదు. గిటారు పక్కన ఇదీ చేరుతుందేమో అని ఇద్దరికీ అనిపించింది, ఎవరూ పైకి అనలేదు. నాన్నతో ఫోన్లో మాట్లాడుతుంటే, నాన్నమ్మ రాత్రి మంచం దిగుతుంటే ఇటుక కదిలిందనీ, పట్టె పట్టుకుని నిలదొక్కుకుందనీ చెప్పాడు. ఆ శనివారం మళ్ళీ మొదలెట్టా. 750 మీద.

కోడుకి టేకు కొత్తది కొనలేదు. పాత ఇళ్ళు కూల్చిన కలప అమ్మే చోట గుమ్మం ముక్క దొరికింది, నలభై యాభై ఏళ్ళుగా ఎండినది. అయస్కాంతం పెట్టి వెతికితే మూడు మేకులు బయటపడ్డాయి, ఒక్కటి మిగిలినా ఉలి మొన పోయేది. టేకు దుమ్ము ముక్కుకీ గొంతుకీ మంచిది కాదు, ఎన్95 పెట్టుకున్నా. సంక్రాంతికే మిగిలిన కోడు ఒకదాని పక్కన అట్ట పెట్టి గీత గీసుకొచ్చాను, ఆ అట్టని కత్తిరించి తిరిగే కర్రకి ఆనించి చూసుకుంటూ చెక్కడం. జామాయిల్‌లో మూడు పాడు చేశాక, టేకులో నాలుగోది చేశాను. బొడిపె అంగుళం లావు, రెండంగుళాల పొడవు. పెద్దాయన చెప్పినట్టే అతుకు కడియం కింద దాక్కుంది. ఎక్కడుందో నాకే వెతుక్కోవాల్సి వచ్చింది.

దసరాకి ఊరు తీసుకెళ్ళాం. అదే వడ్రంగి పట్టెలకి బెజ్జాలు కొట్టి బిగించాడు, "పర్లేదు, గుండ్రంగానే ఉంది" అన్నాడు. ఆయన మెచ్చుకోలు అంతవరకే. నవారు మళ్ళీ లాగి అల్లారు. నాన్నమ్మ నేల మీద చతికిలబడి, కొత్త కోడుని పై నుంచి కింద దాకా అరచేత్తో తడిమింది. తర్వాత పక్క కోడుని తడిమింది. మళ్ళీ కొత్తదాన్ని తడిమింది.

"ఏరా, దీనికి కడియం ఒకటి తక్కువుంది" అంది.

లేదే అని వంగి చూశా. నేను అట్ట పెట్టి గీసుకొచ్చిన కోడు గోడ వైపుది. ఇన్నేళ్ళ ఇల్లు కడిగిన నీళ్ళకి దాని అడుగు కడియం అరిగి చదునైపోయింది. మిగతా రెండిటికీ మూడేసి ఉన్నాయి, దానికీ నా దానికీ రెండు.

"పోనీ మళ్ళీ చేసుకు రానా నాన్నమ్మా?"

"మళ్ళీ సంక్రాంతికి చూద్దువులే. ముందు ఆ ఇటుకలు తీసుకెళ్ళి పెరట్లో పడేయ్."

మూడు ఇటుకలూ తీసుకెళ్ళి నూతిగట్టు పక్కన పెట్టొచ్చాను. వచ్చేసరికి మంచమెక్కి పడుకునుంది.